నలభై వేల అడుగుల ఎత్తున అమ్మ టీపాట్

ఆల్డర్‌ఫర్డ్, విల్ట్‌షైర్
6 మార్చి 1951

హిల్డా అక్కకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఇంకా జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్లు అయిపోయాక ఇది చదువు.

ఫ్యాక్టరీలో నా పని మారింది. పన్నెండేళ్లుగా క్యాంటీన్‌లో ఆరువందల మందికి టీ పోస్తున్న నన్ను పిలిచి వేరే చోట వేశారు. ఏ చోటో, ఏం పనో చెప్పకూడదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చెప్పదగినంత వరకు చెబుతాను. చాలా ఎత్తైన చోటు. గాలి పలచగా ఉంటుంది. వారం వారం డాక్టరు ఛాతీ, చెవులు చూస్తాడు. కళ్లు తిరిగితే వెంటనే పడుకోబెట్టి దుప్పటి కప్పుతారు. తిండి బాగానే పెడుతున్నారు.

ఇక అసలు సంగతి. అక్కడ నేను టీ పెట్టాలి. అది కుదరడం లేదు. అదే ఆకు, అదే నీళ్లు, అదే చెయ్యి. అయినా గడ్డి నానబెట్టినట్టు వస్తోంది. వీళ్లిచ్చింది పల్చటి అల్యూమినియం పాత్ర, బహుశా అందుకేనేమో. ఒక్క నెల కోసం అమ్మ గోధుమరంగు టీపాట్ పంపగలవా? అది మందపాటి మట్టిది కదా, వేడి నిలుస్తుంది. అమ్మ దాన్ని నీకిచ్చింది, నీదే, ఆ విషయంలో నాకు పేచీ లేదు. ఎరువు మాత్రమే అడుగుతున్నాను, వాడుకుని తిరిగి ఇచ్చేస్తాను.

బావని అడిగానని చెప్పు. ఆయన పావురాలని కూడా.

నీ చెల్లెలు
మావిస్


స్కిప్టన్, యార్క్‌షైర్
12 మార్చి 1951

మావిస్,

టీపాట్ ఇవ్వను. ముందు ఆ ముక్క చెప్పేస్తే మిగతాది ప్రశాంతంగా రాసుకోవచ్చు.

నాన్న అంత్యక్రియల రోజు టీ నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. నలభై మంది వచ్చారు. హ్యామ్ ఉంది, కేకు ఉంది, ఏ లోటూ లేదు. పాదిరిగారు ఒక్క గుక్క తాగి మిగతాది కిటికీ దగ్గరున్న పూలకుండీలో పోయడం అమ్మ కళ్లారా చూసింది. ఆ మొక్క కూడా బతకలేదు. అమ్మ వంటింట్లోకి వచ్చి, “ఇదేం టీయే మావిస్? గిన్నెలు కడిగిన నీళ్లా?” అంటే నువ్వు నోరు మెదపలేదు. టీపాట్ నా చేతిలో పెట్టి, “దీన్ని మావిస్ చేతికి మాత్రం ఇవ్వకు” అంది. ఇరవై రెండేళ్లవుతోంది. అమ్మ మాట నేనెప్పుడైనా దాటానా?

పైగా నా దుకాణం నడిచేది దానితోనే. సోమవారం సంతకి వచ్చే గొర్రెల వ్యాపారులు నా బన్నుల కోసం రారు, ఆ టీపాట్ కోసం వస్తారు. రేషన్ ఆకుతో కూడా దాంట్లో రంగు దిగుతుంది.

రెండో సంగతి. నువ్వు దాచాలనుకున్నా నాకు తెలిసిపోయింది. ఎత్తైన చోటు, పలచని గాలి, ఛాతీ చూసే డాక్టరు, పడుకోబెట్టి దుప్పటి. నీ ఉత్తరం స్టాన్లీకి రెండుసార్లు చదివి వినిపించాను. పావురం గోళ్లు తీస్తూ, “ఊపిరితిత్తులు” అన్నాడు. ఆయన నోట ఒక్క మాట వచ్చిందంటే అది ఆలోచించి వచ్చిందే. కొండమీద క్షయ ఆసుపత్రిలో పడుకుని, ప్రభుత్వం కాగితం, రహస్యం అంటూ సొంత అక్కకే కథలు చెబుతావా? కథ చెప్పినా కాస్త నమ్మేలా చెప్పాలి.

పెద్దబాతు కొవ్వు ఒక సీసా, ఎర్ర ఉన్ని గుడ్డ ఒక గజం పంపుతున్నాను. కొవ్వు ఛాతీకి పట్టించి పైన గుడ్డ చుట్టుకో. మిగతా రోగులకి మాత్రం నువ్వు టీ పెట్టకు. వాళ్లు కోలుకోవాలి కదా.

కంగారుతో
హిల్డా


ఆల్డర్‌ఫర్డ్
19 మార్చి 1951

అక్కా,

నాకు క్షయ లేదు. దగ్గు లేదు. జలుబైనా లేదు. నీ సీసా పోస్టులో పగిలింది. పోస్ట్‌మాన్ పార్సెల్‌ని కర్ర చివర తగిలించి, మొహం పక్కకి తిప్పుకుని తెచ్చాడు. అప్పట్నుంచి మా ఇంటావిడ పిల్లి నా గది గుమ్మం వదలడం లేదు.

నేనున్నది ఆసుపత్రి కాదు, అంతకుమించి చెప్పలేను. టీ గురించి చెబితే తప్పులేదనుకుంటాను. ఇక్కడ లాథమ్ గారని ఒక ఇంజనీరు ఉన్నాడు. ఆయన నా కెటిల్‌లో థర్మామీటరు పెట్టి చూసి, “మీ తప్పేం లేదండీ మిస్ థ్వైట్. ఇక్కడ నీళ్లు సరిగ్గా వేడెక్కకముందే మరిగిపోతున్నాయి” అన్నాడు. మన వంటింట్లో రెండువందల పన్నెండు ఫారెన్‌హీట్ డిగ్రీలకి మరిగే నీళ్లు అక్కడ నూటతొంభై ఏడుకే తెర్లుతున్నాయి. పైన గాలి బరువు తగ్గితే అంతేనట. చూడబోతే కెటిల్ మూత ఎగిరెగిరి పడుతుంది, లోపల ఆకు మాత్రం ముడుచుకునే ఉంటుంది.

నా టీ విషయంలో “మీ తప్పేం లేదు” అన్న మొదటి మనిషి ఆయనే. ఆ మాట విన్నాక నేను గోడ వైపు తిరిగి కాసేపు కప్పులు తుడవాల్సి వచ్చింది.

జూన్‌లో కొనేవాళ్లు వస్తున్నారు. అప్పటికి టీ కుదరకపోతే కెటిల్ పీకేసి నారింజరసం సీసాలు పెట్టేస్తామని డైరెక్టరుగారు చెప్పేశారు. అప్పుడు నేను మళ్లీ క్యాంటీన్‌కి పోవాలి. నాకు పోవాలని లేదు. ఈ పని నాకు నచ్చింది. అందుకే మళ్లీ అడుగుతున్నాను. టీపాట్ పంపు.

మావిస్

ఏం కొంటారని అడగకు.


స్కిప్టన్
27 మార్చి 1951

మావిస్,

ఏం కొంటారేమిటి, ఆసుపత్రిని కూడా అమ్మేస్తున్నారా? ఈ దేశం ఎక్కడికి పోతోందో నాకర్థం కావడం లేదు.

నీళ్లు మరిగితే మరిగినట్టే. మరిగి కూడా వేడెక్కని నీళ్లు నేను పుట్టాక చూడలేదు. ఆ లాథమ్‌కి పెళ్లయిందా? ఆడవాళ్లతో “మీ తప్పేం లేదండీ” అనే మగవాడంటే నాకు అనుమానమే.

అయినా నువ్వు చెప్పావు కదాని పరీక్ష పెట్టాను. ఆదివారం స్టాన్లీని పెన్‌-ఇ-గెంట్ కొండ ఎక్కించాను, కిరసనాయిలు స్టవ్వు వీపుకి కట్టి. పైన టీ పెట్టుకు తాగాడు. దిగొచ్చాక “ఎలా ఉంది?” అంటే “తడిగా ఉంది” అన్నాడు. వాన పడిందిలే. ఆయన దగ్గర అంతకన్నా రాబట్టలేం. కూడా రెండు పావురాలని తీసుకెళ్లి శిఖరం మీంచి వదిలితే అవి ఆయనకన్నా మూడు గంటల ముందు ఇల్లు చేరాయి. వాటి గురించి మాత్రం భోజనం అయ్యేదాకా చెప్పాడు. అమ్మ బతికుండగా “పావురాలవాడికి పిల్లనిస్తానా, గేటు దాటి వస్తే కాళ్లు విరగ్గొడతా” అనేది గుర్తుందా? అమ్మ చూపు ఎంత దూరం పోయేదో ఇప్పుడు తెలుస్తోంది.

నువ్వెలాగూ నిజం చెప్పవు. అందుకని అక్కడి మేట్రన్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నీ ఆరోగ్యం, బరువు, నీ టీ, అన్నీ వివరంగా.

హిల్డా


ఆల్డర్‌ఫర్డ్
10 ఏప్రిల్ 1951

అక్కా,

నీ నాలుగు పేజీలు అందాయి. మేట్రన్‌కి కాదు. ఇక్కడ మేట్రన్ లేదు. రక్షణ విభాగం వాళ్లకి.

శుక్రవారం నన్ను ఒక గదిలోకి పిలిచారు. బల్లకి అవతల ఇద్దరు. ఒకడి చేతిలో నీ ఉత్తరాలు రెండూ ఉన్నాయి, నాకు రాసింది కూడా.

“ఎవరీ హిల్డా?”

“మా అక్క అండీ. స్కిప్టన్‌లో బన్నులు అమ్ముతుంది.”

“బన్నులంటే?”

“బన్నులేనండీ. ఎండుద్రాక్ష వేసినవి.”

“ఎత్తు మీద నీళ్లు ఎన్ని డిగ్రీలకి మరుగుతాయో ఈమెకెందుకు? కొండెక్కి పరీక్షలు చేయించడమెందుకు? మీ బావ శిఖరం మీంచి పావురాలతో ఎవరికి కబురు పంపాడు?”

“ఇంటికేనండీ. అవి ఇంటికే పోతాయి.”

అది రాసుకున్నారు. ఆ తరువాత నీ నాలుగు పేజీలు పైకి చదివారు. లాథమ్ గారు, డైరెక్టరుగారు, ఇంకో ఏడుగురు మగవాళ్లు వింటున్నారు. “ఆమెకి చిన్నప్పట్నుంచి టీ పెట్టడం చేతకాదు, కన్నతండ్రి చావుకి కూడా సరిగ్గా పెట్టలేదు” అన్న చోట చదివేవాడు కూడా ఆగి దగ్గాడు. నా తల కొట్టేసినట్టయింది. ఇంత జరిగాక నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. కానీ రేపు పత్రికల్లో ఎలాగూ వస్తుంది, ఇక దాచక్కర్లేదన్నారు కాబట్టి రాస్తున్నాను.

అది విమానం అక్కా. థార్న్‌బీ శాండ్‌పైపర్. ముప్పై ఆరు మంది కూర్చునే జెట్ విమానం. ముందు తిరిగే పంకాలేమీ ఉండవు. నలభై వేల అడుగుల ఎత్తున పోతుంది. అంత పైన మనిషి బతకడు గనక లోపల గాలి నింపి ఉంచుతారు, ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నట్టు ఉంటుంది. నీళ్లు తొందరపడేది అందుకే. నేను అందులో పద్నాలుగుసార్లు ఎగిరాను. మొదటిసారి నేల వదిలినప్పుడు చప్పుడంతా వెనక్కి పోయింది. మడత బల్ల అంచున లాథమ్ గారు పెన్సిల్ నిలబెడితే అది అలాగే నిలబడింది. పైన ఆకాశం నీలం కాదు, దాదాపు నలుపు. నాకు ఏడుపొచ్చింది. ఆ తరువాత టీ పెట్టాను, అది బాగోలేదు.

మావిస్


స్కిప్టన్
23 ఏప్రిల్ 1951

నా బంగారు చెల్లికి,

పత్రిక వచ్చిన రోజు దుకాణంలో ఎవరికీ టీ దొరకలేదు. నేను పోస్తే కదా! ఫొటోలో విమానం తలుపు పక్కన కనిపించే మోచెయ్యి నీదేనని అందరికీ చూపించాను. మోచేతి మీద ఆ సొట్ట నువ్వు మెట్ల మీంచి పడ్డప్పటిదే కదా.

మన వాళ్లు జెట్ విమానం కట్టడమేమిటి, రోమ్ నగరానికి రెండున్నర గంటల్లో పోవడమేమిటి, అందులో మన మావిస్ ఉండడమేమిటి! లీడ్స్‌కి బస్సులో పోవాలన్నా రెండు గంటలు పడుతుంది. ఆ పేజీని గోడకి అంటించాను. కాకపోతే చివర్న ఆ విలేఖరి వెధవ “ఇన్ని అద్భుతాల మధ్య టీ మాత్రం వాననీళ్లే” అని రాశాడు చూశావా? ఆ వాక్యం కత్తెరతో కోసేశాను. ఇప్పుడు వచ్చినవాళ్లంతా ఆ కన్నంలోంచి గోడ చూసి, “ఇక్కడేముండేది?” అని అడుగుతున్నారు.

మేట్రన్ ఉత్తరం విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. నాకు శిక్ష కూడా పడిందిలే. మన కానిస్టేబుల్ మా పావురాల గూడు సోదా చెయ్యడానికి వచ్చాడు. స్టాన్లీ అతణ్ణి కూర్చోబెట్టి ఒక్కొక్క పావురం తాతముత్తాతల గురించి చెప్పాడు. మూడున్నర గంటలు. పాపం, రెండు పావురాలు కొనుక్కుని వెళ్లాడు.

ఇక టీపాట్. ఇన్నేసి నీళ్లు, గాలి, డిగ్రీలు అని పెద్ద మాటలు చెబుతున్నావు గాని మావిస్, చెయ్యి తిరిగినవాళ్లకి ఏ పాత్రయినా ఒకటే, ఏ ఎత్తయినా ఒకటే. అది నీకు రాలేదు. అందరికీ అన్నీ రావు. విమానం ఎక్కడం నీకొచ్చింది, అది చాలదా?

ప్రేమతో, గర్వంతో
హిల్డా


ఆల్డర్‌ఫర్డ్
9 జూన్ 1951

అక్కా,

పత్రికలో వచ్చేలోపు ఇది నీకు అందాలని త్వరగా పంపుతున్నాను. నాకేమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ముందు గట్టిగా పట్టుకో.

నిన్న ముప్పై వేల అడుగుల ఎత్తున ఒక కిటికీ పోయింది.

మూల దగ్గర జుట్టంత పగులు వచ్చిందట. ఫట్‌మంది. లోపలంతా ఒక్కసారి పొగమంచు కమ్మింది. కాగితాలు, కప్పులు, వారం రేషన్ ఆకు, డైరెక్టరుగారి టోపీ అన్నీ ఆ కన్నం వైపు పరుగెత్తాయి. “పట్టుకోండి, పట్టుకోండి!” అని లాథమ్ గారు అరిచారు. దేన్నో చెప్పలేదు. నేను ఒక చేత్తో సీటుని, రెండో చేత్తో కెటిల్‌ని పట్టుకున్నాను. మొహానికి గాలి గొట్టం ఎవరు తగిలించారో గుర్తు లేదు. పైలట్ విమానాన్ని రాయి పడ్డట్టు కిందికి దింపేశాడు. భయపడ్డాను అక్కా. చచ్చిపోతాననుకున్నాను.

అయితే ఒకటి చూశాను. అప్పటికే కెటిల్ తీగ పీకేశాను. నీళ్లు కాగి ఊరుకున్నాయి. గాలి పోగానే, కింద ఏ వేడీ లేకుండా, ఆ నీళ్లు వాటంతటవే కుతకుతలాడాయి. నా చేతిలోనే. అంటే లాథమ్ గారు చెప్పింది నిజం. ఇన్నాళ్లూ లోలోపల నువ్వన్నదే నిజమేమో, నా చెయ్యే మంచిది కాదేమో అనుకుంటూ వచ్చాను. కాదు.

విమానాన్ని కట్టిపడేశారు. కొనేవాళ్లు రావడం లేదు. ఫ్యాక్టరీ అంతా గొంతు తగ్గించి మాట్లాడుకుంటోంది. డైరెక్టరుగారి టోపీ తన పొలంలో పడిందని డోర్సెట్‌లో ఒక రైతు పొద్దున్నే ఫోన్ చేశాడు, ఆవు కాస్త నమిలిందట.

మావిస్


స్కిప్టన్
11 జూన్ 1951

మావిస్,

కిటికీ పోయిందని ఇంత మామూలుగా ఎలా రాశావే? చదువుతూ దుకాణం మధ్యలో కూలబడ్డాను. స్టాన్లీ వచ్చి లేపి, తనే బోర్డు తిప్పి మూసేశాడు. పెళ్లయ్యాక ఆయన దుకాణం మూయడం ఇదే మొదలు.

నాకున్నది నువ్వొక్కదానివి. నాన్న లేడు, అమ్మ లేదు. వచ్చెయ్. ఆ పని మానెయ్. ఇక్కడ నాతోపాటు దుకాణం చూసుకుందువు గాని. వస్తే టీపాట్ నీకిచ్చేస్తాను. నిజంగానే ఇచ్చేస్తాను. అమ్మ ఏమనుకున్నా సరే. నువ్వు ఎలా పెట్టినా నేను తాగుతాను.

హిల్డా


ఆల్డర్‌ఫర్డ్
16 జూన్ 1951

అక్కా,

నువ్వు భయపడ్డావు, తెలుసు. నేను రాను.

నేను అడిగింది ఎరువు. అది కూడా మంచి టీ పెట్టడానికి. నువ్విస్తానంటున్నది, నేను టీ పెట్టడం మానేస్తే. “ఎలా పెట్టినా తాగుతాను” అన్నావు చూడు, అది చదివి నాకు ఒళ్లు మండింది. అలా తాగేవాళ్లు నాకు వద్దు.

ఇక్కడ ఆరువందల మంది ఆ కిటికీ ఎందుకు పోయిందో తేల్చే పనిలో ఉన్నారు. వాళ్లకి రోజుకి నాలుగుసార్లు టీ కావాలి. నేలమీద నా టీ బాగానే ఉంటుందని వాళ్లంటారు. నేను ఇక్కడే ఉంటాను.

మావిస్


ఆల్డర్‌ఫర్డ్
21 ఏప్రిల్ 1952

హిల్డా అక్కకి,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన కేకుకీ, నేను పంపిన కార్డుకీ మధ్య ఒక్క మాట లేకుండా పది నెలలు గడిచాయి. ఎవరు ముందు రాయాలని చూస్తూ కూర్చుంటే ఇద్దరం ముసలివాళ్లమైపోతాం. అందుకని నేనే రాస్తున్నాను.

ఈ పది నెలలూ ఏం చేశామంటే, విమానాన్ని నీళ్లలో ముంచాం. నిజంగానే. ఒక విమానం మొండేన్ని పెద్ద తొట్టిలో పెట్టి, లోపలా బయటా నీళ్లు నింపి, లోపల ఒత్తిడి పెంచడం, వదలడం, మళ్లీ పెంచడం. వేలసార్లు. గాలైతే పేలుతుంది, నీళ్లైతే చిన్న పగులుతో ఆగి ఎక్కడ పగిలిందో చూపిస్తుందట. లాథమ్ గారు వానకోటు వేసుకుని ఆ తొట్టి పక్కనే బతికాడు. కిటికీ మూలలన్నీ ఇప్పుడు గుండ్రంగా చేశారు, రేకు మందం పెంచారు. ఫిబ్రవరి నుంచి మళ్లీ ఎగురుతున్నాం.

వచ్చే నెల పదో తారీఖున పనివాళ్ల బంధువులని ఎక్కించి ఒక చక్కర్ కొట్టిస్తారు. ఒక్కొక్కరికి ఒక్క బంధువు. నేను నీ పేరు రాయించాను. కొనేవాళ్లు పద్నాలుగున వస్తారు. డైరెక్టరుగారి నారింజరసం మాట అలాగే ఉంది.

భయమైతే రావద్దు, ఏమీ అనుకోను. వస్తే మాత్రం నీ ఆకు, నీ టీపాట్ తెచ్చుకో. ఆ రోజు టీ నేను పెట్టను. నువ్వు పెట్టు.

మావిస్


స్కిప్టన్
12 మే 1952

మావిస్ తల్లీ,

నిన్న రైల్లో ఇదంతా మనసులో పదిసార్లు రాసుకున్నాను. ఇంటికొచ్చి కాగితం పెట్టుకుంటే ఒక్క ముక్కా గుర్తు రావడం లేదు. ఎలా వస్తే అలా రాస్తున్నాను.

టీపాట్ ఒళ్లో పెట్టుకుని నేను కళ్లు గట్టిగా మూసుకోవడం నువ్వు చూశావు. భయంతో కాదని నీకు చెప్పాను. భయంతోనే. ఆ తరువాత నువ్వు “కళ్లు తెరు అక్కా” అన్నావు. ఆ నల్లటి ఆకాశం గురించి స్టాన్లీకి చెప్పాలని ప్రయత్నించాను. “పావురాలు అంతెత్తుకి పోవు” అన్నాడు. అంటే ఆయనకి అసూయగా ఉందని అర్థం.

ఇక టీ. నీకన్నా ఎక్కువ జాగ్రత్తగా పెట్టాను. టీపాట్‌ని ముందు వేడినీళ్లతో కడిగాను. ఆకు రెండు చెంచాలు ఎక్కువే వేశాను. కెటిల్ మూత ఎగిరిపడేదాకా ఆగాను. పోసి, ఉన్ని తొడుగు వేసి, వాచీ చూసి ఐదు నిమిషాలు ఉంచాను. ముప్పై ఆరు మందీ నన్నే చూస్తున్నారు. నా వెనక సీటు ముసలావిడ ఒక గుక్క తాగి అటూ ఇటూ వెతికింది. దేనికోసమో నాకు తెలుసు. పూలకుండీ కోసం.

నేను తాగాను. నువ్వు నవ్వలేదు. “చూశావా” అనలేదు. అని ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ రుచి నాకు కొత్త కాదు మావిస్. నాన్న అంత్యక్రియల రోజు తాగిన టీ అదే. ఉడకని నీళ్ల టీ. ఆ రోజు కెటిల్ పొయ్యి మీద పెట్టింది నేను. మరిగాక దించాల్సింది నేను. గేటు దగ్గరకి స్టాన్లీ వచ్చి నిలబడ్డాడు, నేను వెళ్లాను. తిరిగొచ్చేసరికి బొగ్గు ఆరిపోయి ఉంది. మరిగే ఉంటుందిలే అనుకుని టీపాట్‌లో పోసేసి, నీ చేతికిచ్చి, నువ్వు తీసుకెళ్లి పొయ్యమన్నాను. అమ్మ నిన్ను అన్నప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. ఇప్పుడు చెబుదాం, సాయంత్రం చెబుదాం అనుకున్నాను. ఈలోపు టీపాట్ నా చేతిలో పెట్టింది. ఆ తరువాత ఎలా చెప్పను? ఏళ్లు గడిచేకొద్దీ నీకు టీ రాదని నేనే నమ్మేశాను. ఊళ్లో అందరికీ చెప్పాను. ప్రభుత్వానికి కూడా నాలుగు పేజీలు రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

టీపాట్‌ని నీ కెటిల్ పక్కన అరలో పెట్టి వచ్చాను. మర్చిపోయి కాదు. అమ్మ మాట దాటడం కాదిది. అమ్మకి తెలిసింది అబద్ధం కాబట్టి ఆ మాట చెల్లదు.

ఇంకొకటి. పద్నాలుగున వచ్చేవాళ్ల కోసం. మా చర్చి విందుల్లో రెండువందల మందికి ఒకేసారి టీ పోయాల్సి వస్తే మేం చేసేదేమిటంటే, ముందే బాగా మరిగిన నీళ్లతో నల్లగా, చిక్కగా డికాక్షన్ దింపి, ఆకు వడకట్టి ఉంచుతాం. పోసేటప్పుడు కప్పులో కాస్త అది, పైన వేడినీళ్లు. రంగు దింపే పని నేలమీదే అయిపోతే, పైన నీళ్లు ఎన్ని డిగ్రీలుంటే ఏం? మీ లాథమ్‌ని అడుగు. ఆ మనిషి మంచివాడిలానే ఉన్నాడు. మెడ కొంచెం పొడుగు.

నన్ను క్షమించమని అడగను. ఆ హక్కు నాకు లేదు.

హిల్డా


ఆల్డర్‌ఫర్డ్
19 మే 1952

నా పిచ్చి అక్కకి,

నాకు తెలుసు. ఆ రోజే తెలుసు.

నువ్వు నా చేతికిచ్చినప్పుడు టీపాట్ అడుగు గోరువెచ్చగా ఉంది. వంటింటి కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. నువ్వు నల్ల గౌనులో, టోపీ లేకుండా నిలబడ్డావు, అవతల స్టాన్లీ బావ. అమ్మ “ఇదేం టీయే” అన్నప్పుడు నేను నోరు తెరిస్తే, తరువాతి ప్రశ్న “మరి హిల్డా ఎక్కడికి పోయింది?” అని వచ్చేది. నాన్న శవం ఇల్లు దాటిన రోజున పావురాలవాడితో కబుర్లా అని నిన్ను బతకనిచ్చేది కాదు, ఆ పెళ్లీ అయ్యేది కాదు. అందుకే ఊరుకున్నాను. నాతో కాగితం మీద సంతకం పెట్టించుకున్న అధికారి “మీరు రహస్యం దాచగలరా?” అని అడిగితే నాకు నవ్వొచ్చింది.

కోపం రాలేదనను. ప్రతి క్రిస్మస్‌కి నువ్వు ఆ టీపాట్‌తో నాకు టీ పోసి “ఇదీ టీ అంటే” అన్నప్పుడల్లా వచ్చింది. ఎప్పటికైనా నువ్వే చెబుతావని ఎదురుచూశాను. చెప్పావు. నలభై వేల అడుగులు ఎక్కించాల్సి వచ్చింది, అంతే.

ఇక పద్నాలుగో తారీఖు. డికాక్షన్ కిందే, షెడ్డులో, అమ్మ టీపాట్‌లో దింపాను. వడకట్టి ఫ్లాస్కుల్లో పోసి పైకి పట్టుకెళ్లాను. నువ్వు చెప్పినట్టే కలిపాను. కొనేవాళ్లలో ఒక పెద్దాయన కిటికీ మూలని వేలితో తడుముతూ కూర్చున్నాడు. కప్పు అందుకున్నాడు. తాగాడు. కిటికీ మీంచి చెయ్యి తీసి, “ఇంకో కప్పు ఇస్తారా?” అన్నాడు. లాథమ్ గారు నా వైపు చూడకుండా వెళ్లి తన సీట్లో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎనిమిది విమానాలు కొన్నారు అక్కా. టీ కోసమే కొన్నారనను. కిటికీల కోసమే కొన్నారు. కానీ నారింజరసం మాట ఇంక ఎవరూ ఎత్తలేదు.

టీపాట్ ఇప్పుడు షెడ్డులో ఒక అరలో ఉంది. లాథమ్ గారు దానికి పటం గీసి, విమానం విడిభాగాలతో పాటు నంబరు వేయించాడు. ఇంక దాన్ని నేను కూడా బయటికి తీసుకుపోవాలంటే మూడు సంతకాలు కావాలి.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఇరవై రెండేళ్లు నా పేరు చెడగొట్టిన ఆ గేటు దగ్గర మాటలు. బావ అంతసేపు నీతో ఏం మాట్లాడాడు?

నీ మావిస్


పోస్టుకార్డు
స్కిప్టన్, 22 మే 1952

మావిస్,

పావురాల గురించి.

హిల్డా